బర్మా పుస్తకంలో నేర్చుకున్న ఇంగ్లీషు

ఈ సంగతి రాసిపెట్టాలని ఇన్నేళ్లలో ఎప్పుడూ అనుకోలేదు. ఇద్దరు ముసలివాళ్ల తగువు, ఒక పిల్ల చదువు, ఇందులో రాయడానికేముంది అనిపించేది. మొన్న మా మనవరాలు సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చుని ఫోన్‌లో ఇంగ్లీషు మాటలు నేర్చుకుంటోంది. ఏదో పరీక్ష ఉందట. తెర మీద ఒక మాట వస్తుంది, వేలితో తోస్తే అర్థం, మళ్లీ తోస్తే ఇంకో మాట. నేను చాటలో బియ్యం ఏరడం పూర్తయ్యేలోగా గుప్పెళ్లకొద్దీ మాటలు మింగేసింది.

"అమ్మమ్మా, నీది తెలుగు మీడియం గదా, ఇంగ్లీష్ ఎట్ల నేర్చుకున్నవ్?" అని అడిగింది.

"బర్మా యుద్ధంలో" అన్నాను.

"అప్పటికి నువ్వు పుట్టనే లేవు."

"లేను. అయినా అక్కడే నేర్చుకున్న."

నవ్వుకుంటూ కోచింగ్‌కు వెళ్లిపోయింది. నేను చాట ముందేసుకుని అలాగే కూర్చున్నాను. ఆ యుద్ధం గురించి మా గడపలో పోట్లాడుకున్న ఇద్దరూ లేరు. నాకు బర్మా పుస్తకం చేతికిచ్చిన లైబ్రరీ సారు లేరు. పుస్తకం ఇప్పుడెక్కడుందో తెలియదు. అందులో ఏం రాసి ఉందో, ఏం రాయకుండా వదిలేశారో, రెండూ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. నేనూ పోతే అడగడానికి ఎవరూ ఉండరు. అందుకని రాస్తున్నాను.

మేం సికింద్రాబాద్ బన్సీలాల్‌పేటలో ఉండేవాళ్లం. ఇప్పుడు జనం వచ్చి ఫోటోలు దిగుతున్న మెట్లబావి అప్పట్లో చెత్తతో నిండిన గుంట. అది బావి అన్న సంగతే మా పిల్లలకు తెలియదు. ఇంట్లో మా తాత, అమ్మ, నేను. తాత అంటే అమ్మకు నాన్న. మా నాన్న నాకు ఊహ తెలియకముందే పోయాడు. అమ్మ జాకెట్లు, గౌన్లు కుట్టేది. తాత పెళ్లిళ్లకు వంట చేసేవాడు. ముహూర్తాలున్న నెలల్లో ఆయన ఒంటికి బగార అన్నం వాసన, షాజీరా వాసన పట్టుకుని ఉండేవి. ఆయన పక్కన పడుకుంటే పెళ్లిలో పడుకున్నట్టుండేది.

పెరట్లో గోడకు ఆనించి పెద్ద పెద్ద వంట డేగిసాలు ఉండేవి. వాటిలో తలపెట్టి మాట్లాడితే నా గొంతు పోలీసు గొంతులా వినిపించేది. "దాంట్ల తల పెట్టకు, రేపు ఆ అన్నంల నీ ఎంట్రుకలు వస్తే పెండ్లోళ్లు నన్ను తంతరు" అని తాత అరిచేవాడు. నేను తల తీసి, ఆయన అటు తిరగ్గానే మళ్లీ పెట్టేదాన్ని.

తాతకు ఒక నియమం ఉండేది. ఆఖరు మనిషి తినేదాకా వంటవాడు తినకూడదు. ఆఖరు మనిషి తినేదాకా డేగిసా బోర్లించకూడదు. బోర్లించాడంటే వంటశాల మూసినట్టే. పెళ్లివాళ్లు "అయిపోయింది, కడుక్కోండి" అన్నా వినకుండా పందిరి బయటికి పోయి, రోడ్డుకు అటూ ఇటూ చూసి, అప్పుడు గాని బోర్లించేవాడు కాదు. జతగాళ్లు నవ్వుకునేవారు. ఆ అలవాటు పటాలంలో వచ్చిందని మాత్రం అందరికీ తెలుసు. వయసులో ఉన్నప్పుడు తాత కంటోన్మెంటులో వంటవాడిగా చేరాడు. పటాలం వంటశాలను లంగర్ అంటారు. ఆ లంగర్‌తో పాటు బర్మా దాకా పోయి, అక్కడ ఓడిపోయిన సైన్యంతో పాటు నడుచుకుంటూ తిరిగి వచ్చాడు.

మా ఇంటికి నాలుగిళ్ల అవతల హవల్దారు తాత ఉండేవారు. ఆయనది గోదావరి వైపు. ఆయనదీ అదే పటాలం, అదే బర్మా. పెన్షన్ తీసుకుని, ఊరికి పోకుండా ఇక్కడే ఉండిపోయారు. రోజూ సాయంత్రం మడత కుర్చీ చంకలో పెట్టుకుని మా గడప ముందుకు వచ్చేవారు. అమ్మ ఇద్దరికీ చాయ్ ఇచ్చేది. తాత సాసర్‌లో పోసుకుని జుర్రుకుంటూ తాగేవాడు. హవల్దారు తాత మీసం తడవకుండా తాగేవారు. తాత ఆయన్ని తుపాకీ అని, ఆయన తాతను లంగర్ అని పిలుచుకునేవారు. మాటలు కంచరగాడిదల మీదుగా, జలగల మీదుగా, వానల మీదుగా హాయిగా పోయేవి. పోయి పోయి ఒక నది దగ్గర ఆగేవి. ఆ నది మీద వంతెన పేల్చేసి సైన్యం వెనక్కి వచ్చిన రోజు దగ్గర.

"ఆ రోజు మీ లంగరోళ్లు మాకంటే ముందే ఇండియా చేరిపోయుంటారు" అనేవారు హవల్దారు తాత, చాయ్ గ్లాసులోకి చూస్తూ.

"ఏందయ్యా తుపాకీ, గట్లంటవు? రోడ్డు పక్కన పొయ్యి పెట్టి వండిన. నా డేగిసా కాడికి వచ్చినోడు ఎవడు ఆకలితోని పోలే."

"నీ డేగిసా ఎక్కడుందని రావడానికి?"

"ఉన్నది. ఉండె."

"ఉంటే నాకెందుకు కనపడలేదయ్యా?"

"నువ్వెక్కడ చూసినవో నీకే ఎరుక."

అంతే. తాత లేచి లోపలికి వచ్చేవాడు. ఆయన కుర్చీ మడిచి వెళ్లిపోయేవారు. ఒకటి రెండు రోజులు రారు. తర్వాత చాయ్ కోసమో, మనిషి కోసమో మళ్లీ వచ్చేవారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఇదే వరుస. ఆ నదిని ఇద్దరూ కలిసి ఒక్కసారి కూడా దాటలేదు.

పదో తరగతి గట్టెక్కాను గాని ఇంగ్లీషులో అత్తెసరు మార్కులు. కాలేజీలో చేరడానికి ఇంకా టైముంది. రోజూ మధ్యాహ్నం నడిచి లైబ్రరీకి పోయేదాన్ని. తెలుగు బీరువాలో నాకు అందిన వరసలన్నీ అప్పటికే చదివేశాను. ఆ మాట ఇప్పటికీ గర్వంగానే చెప్పుకుంటాను. లోపలికి అడుగుపెడితే బైండింగుకు వాడే మైదా జిగురు వాసన, అందులో కలిపిన మైలుతుత్తం ఘాటు, కిటికీలోంచి పక్క ఇరానీ హోటల్ చాయ్ వాసన. ఒకనాడు లైబ్రరీ సారు దగ్గరికి పోయి "ఇంగ్లీషు పుస్తకం కావాలె సార్" అన్నాను.

ఆయన కుందేలు బొమ్మలున్న పుస్తకం ఇచ్చారు. ఒక పేజీకి ఒక వాక్యం. నాకు రోషం వచ్చింది. తిరిగిచ్చేసి ఇంగ్లీషు బీరువాలో నేనే వెతుక్కున్నాను. గోధుమ రంగు అట్ట ఉన్న లావు పుస్తకం తెరిస్తే మొదట్లోనే ఒక పటం. దాని మీద పెద్ద అక్షరాల్లో బర్మా అని ఉంది. ఆ మాట నాకు కూడబలుక్కోకుండానే వచ్చింది.

"అది యుద్ధం పుస్తకమమ్మా. ఒక దొర రాసుకున్న జ్ఞాపకాలు. నీకు కష్టం" అన్నారు సారు.

"మా తాత ఆ యుద్ధానికి పోయిండు సార్."

"సిపాయా?"

"కాదు. వంట చేసిండు."

సారు కాసేపు నా మొహం చూసి, పుస్తకం మీది దుమ్ము తన కండువాతోనే తుడిచి ఇచ్చారు. "ఇది ఎవరో దానమిచ్చిన పుస్తకం. ఇంటికివ్వను. ఇక్కడే కూర్చుని చదువుకో."

అక్కడ మొదలైంది నా యుద్ధం. డిక్షనరీ పైఅంతస్తులో ఏటవాలు బల్ల మీద ఉండేది. పైగదిలోని పుస్తకం కిందికి రాకూడదు. కిందగదిలోని పుస్తకం పైకి పోకూడదు. రెండు రూల్సూ సారువే. కాగితం మీద రాసుకుపోవచ్చు కదా అంటారేమో. కాగితం ఉంటే మాటను నమ్మడం మానేస్తావు, నోట్లో పెట్టుకుని పో అన్నారాయన. నేను ఒక్కో మాటకు ఒక్కో వేలు మడిచి, స్పెల్లింగు గొణుక్కుంటూ మెట్లెక్కేదాన్ని. సగం మెట్ల మీద ఎవరైనా ఎదురొచ్చి "ఏమ్మా బాగున్నావా" అంటే ఒక వేలు విచ్చుకునేది. మాట పోయేది. మళ్లీ కిందికి. మొదటి పేజీ దాటడానికి వారం పైనే పట్టింది. రెండో పేజీకి కొంచెం తక్కువ. ఆ తర్వాత ఒకనాడు ఒక్కసారి కూడా మెట్లెక్కకుండా సగం పేజీ అయిపోయింది. ఆ రోజు ఇంటికి నడిచినట్టు లేదు, ఎవరో ఎత్తుకుని తెచ్చినట్టుంది.

పోగుచేసిన మాటల్ని దాచుకోవడం నాకు చేతకాదు. పెరట్లో డేగిసాలో తలపెట్టి "బెటాలియన్", "బొంబార్డ్‌మెంట్" అని అరిచేదాన్ని. మా వీధిలో నల్లా దగ్గర జరిగేదంతా యుద్ధమే కాబట్టి నా మాటలకు పని దొరికింది. బిందెలతో ముందు నిలబడ్డవాళ్లు ఫ్రంట్‌లైన్. పక్కనుంచి దూరే మూలింటావిడ యాంబుష్. నీళ్లు ఆగిపోతే సప్లై లైన్ తెగిపోయినట్టు. అమ్మకు ఇవేవీ అర్థం కాకపోయినా "మా బిడ్డ ఇంగ్లీషుల తిడుతది" అని నల్లా దగ్గర గొప్పగా చెప్పుకునేది.

చిక్కేమిటంటే నాకు యుద్ధం ఇంగ్లీషు తప్ప ఇంకో ఇంగ్లీషు రాదు. అది మౌలాలిలో బయటపడింది. అక్కడి రైల్వే కాలనీలో ఒక ఇంజన్ డ్రైవర్ గారి భార్య ఉండేది. ఆంగ్లో ఇండియన్ ఆవిడ. అమ్మ వాళ్లింటికి పోయి గౌన్లు కుట్టి వచ్చేది. ఒక రోజు అమ్మ కాలికి రోలు తగిలి బొటనవేలు వాచిపోయింది. రాలేనని చెప్పి రమ్మని నన్ను పంపింది. ఉర్దూలో చెబితే అయిపోయేది. ఆవిడకూ వచ్చు, నాకూ వచ్చు. కానీ ఇన్నాళ్లు మెట్లెక్కింది దేనికి? గుమ్మంలో నిటారుగా నిలబడి ఇంగ్లీషులో చెప్పాను: మా అమ్మ గాయపడింది, ఈ రోజు ముందుకు కదలలేదు, రేపు ఉదయానికల్లా అదనపు బలగాలతో వచ్చి చేరుతుంది. ఒక్క మాట తప్పు పోలేదు. అన్నీ పుస్తకంలో ఉన్నట్టే.

ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. లోపలినుంచి బనియన్ మీదే భర్త వచ్చాడు. మళ్లీ చెప్పమంది. చెప్పాను. ఆయన సెల్యూట్ కొట్టాడు. ఇద్దరూ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి, నన్ను కూర్చోబెట్టి, ఎండుద్రాక్ష వేసిన కేకు ముక్క పెట్టారు. నాకు ఎందుకు నవ్వుతున్నారో తెలియలేదు. అయినా కేకు తిన్నాను. ఆ తర్వాత అమ్మ ఎప్పుడు వెళ్లినా "సైన్యాధ్యక్షురాలు ఎలా ఉంది?" అని అడిగేదట ఆవిడ.

ఇంటికి పుస్తకం తేలేను కాబట్టి చదివింది చదివినట్టు సాయంత్రం గడపలో చెప్పేదాన్ని. మొదటిరోజే దొర కుక్క ప్రస్తావన వచ్చింది.

"కుక్కనా? ఒక చెవి లేదా దానికి?" అన్నాడు తాత, సాసర్ కింద పెట్టి.

"లేదు తాతా. ఎట్ల తెలుసు?"

తాత హవల్దారు తాత వైపు చూశాడు. ఆయన మీసాల్లో నవ్వారు. "మన దొరేనయ్యా. ఆ కుక్క నీ లంగర్లో బొక్కలన్నీ తినేది."

"ఇంకేమన్న రాసిండా? నా గురించి రాసిండా?"

"కుక్క గురించి రాసినాయన నీ గురించి రాయకుండా ఉంటాడా" అన్నారు హవల్దారు తాత. అది వెక్కిరింపో కాదో తాతకు అర్థం కాలేదు. నాకూ కాలేదు.

ఆ రోజు నుంచి నా చదువు నాది కాకుండా పోయింది. నేను గడపలో అడుగుపెట్టకముందే "నది వచ్చిందా?" అని అడిగేవాడు తాత.

"ఇంక రాలే. కొండల మీదనే ఉన్నరు."

"జెర జల్ది చదువు బిడ్డా. నీ లెక్క నడిస్తే జపానోళ్లు మమ్ములను ఎప్పుడో పట్టుకుందురు."

"చదవనీవయ్యా పాపని" అనేవారు ఆయన. "దొర అబద్ధం రాయడు. ఎవరు వండారో, ఎవరు పరిగెత్తారో అక్కడే తెలుస్తుంది."

"నేను సుత అదే అంటున్న. పుస్తకంల ఏముంటే అదే ఆఖరు మాట. ఒప్పుకుంటవా?"

"ఒప్పుకుంటాను."

తాత చెయ్యి చాపాడు. హవల్దారు తాత చెయ్యి కలిపారు. పెళ్లిసంబంధం కుదిరినప్పుడు కూడా అంత గట్టిగా పట్టుకోరు.

ఆ రాత్రి అన్నం పెడుతూ అమ్మ నాతో మెల్లగా అంది. "పుస్తకంల ఒగవేళ వంటోళ్లు పారిపోయిన్రని ఉంటే, చెప్పకు బిడ్డా. మంచిగనే ఉన్నదని చెప్పు. ముసలోని పానమంత దాని మీదనే ఉన్నది."

ఆ మర్నాటి నుంచి పేజీ తిప్పాలంటే భయం వేసేది. అంతకుముందు మాట తెలియకపోతే కోపం వచ్చేది. ఇప్పుడు మాట తెలిసిపోతుందేమోనని భయం.

నది వర్షాకాలం మొదట్లో వచ్చింది, పుస్తకంలోనూ, సికింద్రాబాద్‌లోనూ. కిటికీ బయట చినుకులు పడుతున్నాయి. దొర రాసిన పేజీని చాలాసార్లు చదివాను. రెండు మూడు మాటల కోసం మెట్లెక్కాను. ఒకటి రేర్‌గార్డ్. సైన్యమంతా వెనక్కి పోతుంటే శత్రువును ఆపుతూ ఆఖర్న మిగిలే దళం అని డిక్షనరీ చెప్పింది. ఇంకొకటి కాల్డ్రన్. ఎంతో మందికి వండే పెద్ద పాత్ర అని ఉంది. అది చదివి కిందికి దిగుతూ మెట్ల మీదే కూర్చుండిపోయాను. మా పెరట్లో గోడకు ఆనించి ఉన్నవే.

సారు కింద నుంచి చూసి పైకి వచ్చారు. విషయమంతా చెప్పాను. అమ్మ మాట కూడా చెప్పాను.

"కొంచెం దాచిపెట్టి చెప్పనా సార్?"

ఆయన రెండు మెట్ల కింద కూర్చున్నారు. "వంటాయన మనవరాలివి కదా. ఒకరు వండినదాంట్లో ఇంకొకరు వచ్చి ఉప్పు వేస్తే మీ తాత ఊరుకుంటాడా?"

"ఊరుకోడు."

"మరి దొర వండినదాంట్లో నువ్వెందుకు వేస్తావు?"

ఆ సాయంత్రం వాన తెరిపిచ్చింది. తాత గడ్డం గీయించుకుని, పెళ్లిళ్లకు మాత్రమే తీసే తెల్ల చొక్కా వేసుకుని గడపలో కూర్చున్నాడు. హవల్దారు తాత కుర్చీ వేసుకున్నారు. అమ్మ తలుపు చాటున నిలబడింది. నేను గొంతు సవరించుకుని, దొర చెప్పిన వరసలోనే చెప్పాను.

"వంతెన పేల్చేటందుకు అంత తయారు చేసిన్రు. పెద్ద సైన్యం ముందే నది దాటింది. ఆఖరు కంపెనీ ఒక్కటే అవతలి ఒడ్డున ఆగింది, జపానోళ్లు రాకుండ. పేల్చే ముందు దొర వచ్చి వాళ్లతోని కలిసిండు. వాళ్లు సుత దాటినంక వంతెన పేల్చి, వానల నడిచిన్రు. తెల్లారేటప్పటికి రోడ్డు పక్కన వరసగా పెద్ద డేగిసాలు కనపడ్డయి..."

తాత తొడ మీద చరుచుకున్నాడు. "ఇన్నవా తుపాకీ? ఉన్నయా, లెవ్వా?"

"చెప్పనీ" అన్నారు ఆయన.

"...అన్నీ బోర్లించి ఉన్నయి. కింద బూడిద ఇంక వెచ్చగనే ఉన్నది. కుక్క పోయి అంచులు నాకింది. ఒక సిపాయి బూటుతోని ఒక డేగిసాను లేపి లోపలికి చూసిండు. మళ్ల నడిచిన్రు. వంటోళ్లను ముందుకు పొమ్మన్నది తనే అని దొర రాసిండు. అందరు తిన్నరని తనకు ఎవరో చెప్పిన్రట. ఆఖరు కంపెనీ తినలేదని తెలుసుకోకపోవుడు తన తప్పే అని రాసిండు. అంతే. అక్కడ ఆ అధ్యాయం అయిపోయింది."

వీధిలో ఎవరో సైకిల్ తొక్కుకుంటూ నీళ్లగుంటలోంచి పోయారు. తాత ఇంకా చెయ్యి తొడ మీదే పెట్టుకుని ఉన్నాడు.

"లేపి చూసింది నేనే" అన్నారు హవల్దారు తాత. "పిచ్చి కాకపోతే, బోర్లించిన డేగిసాలో ఏముంటుంది."

"నువ్వు ఆఖరు కంపెనీల ఉన్నవా?"

"ఉన్నాను."

"గిన్నేండ్ల సంది ఒక్కనాడన్న చెప్పకపోతివి."

"చెప్పనిచ్చావా నువ్వు? నా డేగిసా కాడ ఎవడూ ఆకలితో పోలేదని లేచిపోతావు. తినలేదని చెప్పడానికి నాకు మాత్రం సిగ్గుండదా?"

"డేగిసానే కనపడలేదంటివి గదా."

"అన్నమున్న డేగిసా కనపడలేదయ్యా."

తాత ఆయన వైపు తిరిగి అన్నాడు, "నేను అడిగిన సాబ్. ఇంక ఎవరన్న రావాల్నా అని ముగ్గురు నలుగురిని అడిగిన. సబ్ ఖాలియే, అందరు తిన్నరు, చలో అన్నరు. అప్పుడు బోర్లించిన."

"తెలిసింది కదయ్యా ఇప్పుడు" అన్నారు ఆయన. కుర్చీ మడిచారు. ఎప్పటిలా విసురుగా మడవలేదు. చంకలో పెట్టుకుని మెల్లగా నడిచి వెళ్లిపోయారు.

అమ్మ పళ్లెం తెచ్చి పెట్టింది. "నువ్వే గెలిచినవ్ గద నాయినా. తిను."

"గెలుచుడేందే. మనిషి తినలే" అన్నాడు తాత. పళ్లెం ముట్టుకోలేదు.

పొద్దున లేచేసరికి పెరట్లో పొగ. తాత కట్టెలపొయ్యి రాజేసి, ఉన్నవాటిలో పెద్ద డేగిసాను ఒక్కడే ఎక్కించాడు. అమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వచ్చింది.

"పెండ్లి ఏం లేదు గద నాయినా. ఎవరికి ఇదంత?"

"హవల్దార్ సాబ్‌కు."

"ఒక్క మనిషికి గింత డేగిసానా?"

"చిన్నదాంట్ల వండితే అది ఇల్లు. లంగర్ కాదు."

బగార వండలేదు. దాల్చా చేయలేదు. ఆ రోజు రోడ్డు పక్కన ఏం వండాడో అదే వండాడు. ముతక బియ్యం అన్నం, ఇంకో డేగిసాలో చిక్కగా శనగపప్పు, అందులో ఉల్లిగడ్డ, ఎండుమిరపకాయలు, అంతే. పప్పు ఉడుకుతున్న వాసన, తడి కట్టెల పొగ కలిసి వీధంతా తిరిగాయి. పిల్లలు ఒక్కొక్కరే గోడ మీదికి ఎక్కారు.

"పోయి సాబ్‌ను పిలువు" అన్నాడు తాత నాతో. "పళ్లెం తెచ్చుకొమ్మను. లంగర్‌ల ఎవని పళ్లెం వాడే తెచ్చుకోవాలె."

హవల్దారు తాత మామూలు లుంగీ, బనియన్‌తోనే వచ్చారు. చేతిలో సొట్టలు పడ్డ అల్యూమినియం పళ్లెం, మగ్గు. పెరట్లోకి వచ్చి డేగిసా సైజు చూసి ఒక్క క్షణం నిలబడిపోయారు. తాత గరిటె పట్టుకుని నిలుచున్నాడు. కూర్చోమని ఈయన అనలేదు, కూర్చుంటానని ఆయన అనలేదు. వరసలో నిలబడినట్టు నిలబడి పళ్లెం చాపారు.

అంతలో గోడ మీది పిల్లలు పళ్లేలు తెచ్చుకుని ఆయన వెనక చేరారు. ఆయన వెనక్కి తిరిగి చూశారు. చాపిన పళ్లెం వెనక్కి తీసుకున్నారు.

"ముందు వీళ్లకు పెట్టు."

"నీ కోసమే వండిన సాబ్."

"తెలుసు. నాది ఆఖరు కంపెనీ కదయ్యా."

తాత పిల్లలందరికీ పెట్టాడు. వాసన పట్టి వాళ్ల తల్లులొచ్చారు, బియ్యం బండి తోసేవాడొచ్చాడు, నల్లా దగ్గర యాంబుష్ చేసే మూలింటావిడ కూడా వచ్చింది. కొత్తవాళ్లు వచ్చిన ప్రతిసారీ హవల్దారు తాత ఒక అడుగు వెనక్కి వేసి వాళ్లను ముందుకు పంపారు. డేగిసాలో అన్నం దిగుతున్నకొద్దీ తాత మొహం చూడలేకపోయాను. గరిటె అడుగుకు తగిలి గీసుకుంటున్న చప్పుడు వినిపించింది. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఆఖరున ఆయనొక్కరే మిగిలారు. తాత డేగిసాలోకి వంగి, అడుగున ఉన్నదంతా కూడదీసి పెట్టాడు. పళ్లెం నిండింది. పైన పప్పు పోశాడు. హవల్దారు తాత పొయ్యి పక్కనే గొంతుక్కూర్చుని, మీసాల సంగతి మరిచిపోయి తిన్నారు. మధ్యలో ఒకసారి తలెత్తి "ఉప్పు కొంచెం తగ్గిందయ్యా లంగరూ" అన్నారు.

"బర్మాల ఉప్పెక్కడిది?" అన్నాడు తాత.

తినడం అయ్యాక తాత ఆయన ముందు నిలబడ్డాడు.

"ఇంక వెనక ఎవరన్న ఉన్నరా హవల్దార్ సాబ్?"

ఆయన లేచి, గుమ్మం దాటి, వీధికి అటూ ఇటూ చూసి వచ్చారు. నవ్వుతారేమో అనుకున్నాను. నవ్వలేదు.

"ఎవరూ లేరయ్యా. నేనే ఆఖరు."

అప్పుడు తాత డేగిసాకు అంటుకున్న మాడు ముక్కలు గోకి తన పళ్లెంలో వేసుకుని, పప్పుతో తిన్నాడు. చెయ్యి కడుక్కుని, ఇద్దరూ చెరోవైపు పట్టి డేగిసాను బోర్లించారు.

ఆ తర్వాత నేను ఆ పుస్తకం ఆఖరు దాకా చదివాను. సైన్యం ఇండియాకు చేరింది. నేను కాలేజీకి చేరాను. ఒక ఆఫీసులో టైపిస్టుగా పనిచేసి రిటైరయ్యాను. నా ఇంగ్లీషు మెల్లమెల్లగా శాంతికాలానికి అలవాటు పడింది. గడపలో ఆ ఇద్దరూ మళ్లీ పోట్లాడుకోలేదని చెబితే అబద్ధం. చాయ్‌లో చక్కెర గురించి, కంచరగాడిదల తెలివి గురించి, క్రికెట్ గురించి తిట్టుకునేవారు. నది మాత్రం దాటేశారు. తాత పోయినప్పుడు వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టే దాకా హవల్దారు తాత తినలేదు. పందిరి బయట నిలబడి రోడ్డు వైపు చూస్తూనే ఉన్నారు.

దొర తన పుస్తకం చివర సాయం చేసినవాళ్లందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పుకున్నాడు. తోటి ఆఫీసర్లు, టైపు చేసిన భార్య, పటాలు గీసినాయన, కుక్క కూడా ఉన్నారు. చదవడం ఎలాగో నేర్పిన పుస్తకం కాబట్టి ఇది కూడా దాన్ని చూసే రాస్తున్నాను. ఉప్పు వేయవద్దని చెప్పిన లైబ్రరీ సారు విశ్వనాథం గారికి, నా ఇంగ్లీషుకు మొదట నవ్వి తర్వాత కేకు పెట్టిన డోరతీ మేడంకు, నేను అర్థంకాని భాష మాట్లాడినా మెచ్చుకున్న మా అమ్మ సత్తెమ్మకు, ఆఖరు కంపెనీ హవల్దారు అప్పారావు గారికి నా నమస్కారాలు. ఇన్ని మాటలు ఇచ్చిన ఆ దొరకు కూడా. ఆయన చూసినవన్నీ రాశాడు. తెలియనిది ఒక్కటే రాయలేకపోయాడు, అది నేను ఇక్కడ కలుపుతున్నాను. ఆ రోడ్డు పక్కన వండినవాడి పేరు ఎల్లయ్య.